మత్తు డాక్టరుగారు అడిగిన ప్రశ్న

గుంటూరు మిర్చి యార్డులో గుమాస్తాగా పనిచేసే నన్ను నాలుగేళ్లపాటు కడుపులో మంట, నిద్రలేమి, పొద్దున్నే వచ్చే వికారం పీడించాయి. చూపించుకున్న ప్రతిచోటా గ్యాస్ మాత్రలే రాశారు. ఒకచోట రక్తపరీక్షలో, తాగుడు ఎక్కువైనవాళ్లలో తరచు పెరిగే కాలేయపు ఎంజైము జీజీటీ ఎక్కువగా ఉన్నదని కాగితం మీద సున్నా చుట్టారే తప్ప, మద్యం తాగుతారా అని అడగలేదు. నేనూ చెప్పలేదు. సీజన్‌లో కాటాలు ముగిశాక క్వార్టరు వేసుకోవడం మాకు అలసట తీర్చుకోవడం కిందే లెక్క. అది రోజుకు రెండు క్వార్టర్లయినా జబ్బని నాకు తోచలేదు.

నిరుడు హెర్నియా ఆపరేషన్‌కు విజయవాడ వెళ్లినప్పుడు, మత్తు డాక్టరుగారు మా ఆవిడను బయట కూర్చోమని, "అందరినీ అడిగేదేనండీ, వారంలో ఎన్ని రోజులు తీసుకుంటారు, ఎంత?" అన్నారు. అప్పుడప్పుడూ అన్నాను. డాక్టరుగారు ఏమీ రాయకుండా, నేను అప్పుడే సంతకం పెట్టిన అంగీకార పత్రాన్ని చూస్తూ ఆగారు. నా పేరులోని అక్షరాలు గీత మీద నిలవక వణికిపోయి ఉన్నాయి. ఇక దాచలేకపోయాను.

తాగుడు ఏ స్థాయిలో ఉందో తెలుసుకోవడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన ఆడిట్ అనే 10 ప్రశ్నలు ఆవిడే చదివి వినిపించారు. 40కి 8 వస్తేనే జాగ్రత్తపడాలట. నాకు 23 వచ్చింది. రోజూ తాగే మనిషికి ఒక్కసారిగా ఆగిపోతే కొన్ని గంటల్లోనే వణుకు, చెమటలు మొదలై, ఒకటి రెండు రోజుల్లో ఫిట్స్, ఆపైన మతి తప్పి కలవరించడం కూడా రావచ్చునని, ఆపరేషన్ చేసి పడుకోబెడితే ఆ ప్రమాదం అక్కడే ఎదురయ్యేదని చెప్పి, వాయిదా వేయించారు. మనసు గట్టిచేసుకుని మానెయ్యమని ఊరికే పంపేసి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ భయమేస్తుంది.

మానసిక వైద్య విభాగంలో ముందు థయామిన్ (బి1 విటమిన్) ఇంజెక్షన్, ఆ తర్వాతే గ్లూకోజు ఇచ్చారు. తాగుడు ఆపినప్పుడు వచ్చే వణుకును, ఫిట్స్‌ను అదుపు చేసే క్లోర్‌డయాజెపాక్సైడ్ మాత్రలు రోజురోజుకూ తగ్గిస్తూ వచ్చారు. రెండో రాత్రి దుప్పటి నిండా చీమలు పాకుతున్నాయని దులుపుకుంటుంటే, నర్సమ్మ లైటు వేసి, దుప్పటి విప్పి చూపించి, "చీమలు లేవు బాబాయ్, రెండు రోజుల్లో ఇది తగ్గిపోతుంది" అంటూ నా చేతులు చాపించి వణుకు చూసి రాసుకుంది. ఆ అమ్మాయి తెల్లవార్లూ అలా వస్తూనే ఉంది.

ఆ తర్వాత ఆపరేషన్ బాగానే జరిగింది. మార్చిలో సరుకు పోటెత్తిన రోజుల్లో ఒకసారి మళ్లీ తాగాను. ఆ రాత్రే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీమానస్ 14416కు ఫోన్ చేశాను. మర్నాడు ఆస్పత్రికి వెళ్లాను. అక్కడ ఎవరూ తిట్టలేదు. ఏ వేళ, ఎంత, ఎవరితో అని అడిగి రాసుకుని, సీజన్ ముగిసేదాకా వారానికోసారి రమ్మన్నారు.