ఫిక్స్‌డ్ గేర్ మీద సూర్యలంక దాకా

ఫిక్స్‌డ్ గేర్ సైకిల్లో ఫ్రీవీల్ ఉండదు. వెనక చక్రం తిరుగుతున్నంతసేపూ పెడళ్ళు తిరుగుతాయి, వాటితో పాటు కాళ్ళూ తిరగాల్సిందే. ఊళ్ళో పదో పాతికో కిలోమీటర్లు తొక్కినంతవరకూ ఏ ఫ్రేమ్ అయినా పర్వాలేదు. 200 కిలోమీటర్ల బ్రెవేకి (గడువులోపు ముగించాల్సిన దూరపు సైకిల్ ప్రయాణం) పేరిద్దామనుకున్నాక నాకు టెన్షన్ మొదలైంది. పదమూడున్నర గంటల్లో ముగించాలి, అన్నిగంటలూ కాళ్ళు ఆగవు. ఒళ్ళు హూనం కాకుండా మోసుకెళ్ళే ఫ్రేమ్ ఏది? షాపులో సీటెక్కి కూర్చుంటే తెలిసే సంగతి కాదిది. అందుకని సంక్రాంతి వెళ్ళిన వారం నేనూ మా బావా రెండు రకాల ఫ్రేములు తీసుకుని విజయవాడ నుంచి సూర్యలంక దాకా వెళ్ళొచ్చాం. వెళ్ళేటప్పుడు ఎవరి సైకిల్ వాళ్ళది, వచ్చేటప్పుడు మార్చుకోవాలని ఒప్పందం.

నాది ట్రాక్ ఫ్రేమ్. వెలోడ్రోమ్‌లో (మలుపులు గోడలా వాలి ఉండే సైకిల్ ట్రాక్) పందేల కోసం పుట్టిన కొలతలు దానివి: ముందు గొట్టం దాదాపు నిటారుగా 75 డిగ్రీలు, చైన్‌స్టే (పెడళ్ళ ఇరుసు నుంచి వెనక ఇరుసు దాకా ఉండే గొట్టం) 390 మిల్లీమీటర్లు, 25 మిల్లీమీటర్ల టైరుకి మించి పట్టదు, హ్యాండిల్ సీటు కన్నా బాగా కిందికి ఉంటుంది. బావది పాత స్టీల్ రోడ్ ఫ్రేమ్. ముందు గొట్టం 72 డిగ్రీలకి వాలి ఉంటుంది, చైన్‌స్టే 425, టైర్లు 32. గేర్లన్నీ పీకేసి దాన్ని ఫిక్స్‌డ్‌గా మార్చాడు. ఆ ఫ్రేమ్‌లో వెనక హబ్ (చక్రం మధ్య భాగం) చోటు 126 మిల్లీమీటర్లు, ట్రాక్ హబ్ 120. రెండు పక్కలా మూడేసి మిల్లీమీటర్ల వాషర్లు వేసి బిగించేశాడు. మా ఇద్దరి ఎత్తూ ఇంచుమించు ఒకటే. రెండిట్లోనూ ముందు 44 పళ్ళు, వెనక 17, క్రాంకులు (పెడళ్ళు బిగించే కాడలు) 165 మిల్లీమీటర్లు. సీటు పోస్టు కూడా రెండిట్లో 27.2 సైజే కాబట్టి ఎవరి సీటు వాళ్ళమే వాడుకోవచ్చు. తేడా వస్తే ఫ్రేమ్ వల్లా, అందులో పట్టిన టైరు వల్లా రావాలి తప్ప ఇంకో కారణం ఉండకూడదనే ఇంత పట్టింపు.

చీకటితోనే ప్రకాశం బ్యారేజీ ఎక్కాం. బ్యారేజీ పొడవు 1,223 మీటర్లు, మా గేరుకి పెడల్ ఒక చుట్టు తిరిగితే ఐదున్నర మీటర్లు. అంటే నది దాటడానికి 220 పైచిలుకు చుట్లు. మంచులో కృష్ణ కనపడలేదు గానీ వంతెన మీద ప్రతి జాయింటూ నా అరచేతుల్లో తెలిసింది. బావ వెనకాలే సాఫీగా వస్తున్నాడు. ఉండవల్లి సెంటర్, యర్రబాలెం మీదుగా మంగళగిరి చేరి హైవే ఎక్కాక మాత్రం నా సైకిల్ రెచ్చిపోయింది. నున్నటి తారు మీద ట్రాక్ ఫ్రేమ్‌ని మించింది లేదు. కాలు అలా నొక్కితే చాలు, ముందుకు దూకుతుంది. కాజ, పెదకాకాని ఎప్పుడు దాటామో తెలీలేదు. తెల్లారేసరికి గుంటూర్లో ఉన్నాం. కారప్పొడీ నెయ్యీ వేసుకుని ఇడ్లీలు తిన్నాం.

గుంటూరు దాటి పొన్నూరు రోడ్డు పట్టాక కథ మారింది. కోతలైపోయిన పొలాల్లో మినుము పచ్చగా లేస్తోంది, మొక్కజొన్న మోకాలెత్తు ఉంది, ట్రాక్టర్లు తెచ్చిపోసిన మట్టి రోడ్డు మీద ఎండి గట్టిపడింది. ఊరు మొదట్లో ఒక స్పీడ్ బ్రేకర్, బడి దగ్గర ఒకటి, గుడి దగ్గర ఒకటి, ఊరు చివర వరసగా సన్న గట్లు. నారాకోడూరు, చేబ్రోలు, ఏ ఊరైనా ఇదే వరస.

మామూలు సైకిల్ మీద స్పీడ్ బ్రేకర్ వస్తే ఏం చేస్తాం? పెడళ్ళు రెండూ సమానంగా ఆపి, సీటు మీంచి కాస్త లేచి, మోకాళ్ళు వంచి దాటించేస్తాం. దెబ్బ మోకాళ్ళు తింటాయి, నడుముకి తగలదు. ఫిక్స్‌డ్ మీద పెడళ్ళు ఆగవు. లేచి నిలబడొచ్చు గానీ, నిలబడ్డా ఒక కాలు పైకీ ఒక కాలు కిందికీ పోతూనే ఉంటుంది. గట్టు తగిలే క్షణానికి ఏ కాలు ఎక్కడుంటుందో మన చేతిలో లేదు. కుడికాలు అడుక్కి దిగి ఉన్నప్పుడు తగిలితే ఒళ్ళంతా ఒక పక్కకి ఒరుగుతుంది. అందుకని పది సార్లు లేచినా పదకొండోసారి కూర్చునే దాటిస్తాం, ఆ దెబ్బ నేరుగా వెన్నులోకి వస్తుంది. దూరాలకి ఫిక్స్‌డ్ ఫ్రేమ్ ఎంచుకోవడంలో కీలకం ఇదే అని నాకు ఆ రోడ్డు మీదే అర్థమైంది. మామూలు సైకిల్లో మోకాళ్ళు చేసే పని ఇక్కడ టైరూ ఫ్రేమూ కలిసి చేయాలి.

పొన్నూరు సెంటర్లో ఇంకో సంగతి బయటపడింది. ఆటోల మధ్య నెమ్మదిగా తిప్పుకుంటూ వెళ్తుంటే షూ కొన ముందు టైరుకి తగిలింది. ట్రాక్ ఫ్రేమ్‌లో ముందు చక్రం కాళ్ళకి మరీ దగ్గరగా ఉంటుంది. ఫ్రీవీల్ ఉంటే కాలు వెనక్కి పెట్టి ఆగుతాం, ఇక్కడ అది కుదరదు. చక్రం పక్కకి తిరిగినప్పుడల్లా పాదం దాని దారిలోకి వస్తూనే ఉంటుంది. వేగంగా వెళ్ళేటప్పుడు చక్రం అంతగా పక్కకి తిరగదు కాబట్టి ఇబ్బంది లేదు. కానీ మన ఊళ్ళ సెంటర్లలో నడక వేగంతో వంకర్లు తిరగడం ఎంతసేపూ ఉండేదే. ఫ్రేమ్ కొనబోయే వాళ్ళు తమ షూ వేసుకుని, పెడల్ ముందుకు పెట్టి, హ్యాండిల్ తిప్పి చూసుకోవాలని గట్టిగా చెప్తాను.

బాపట్ల దాటాక సముద్రపు గాలి ఎదురొచ్చింది. సూర్యలంక చేరేసరికి నా చిటికెన వేళ్ళు మొద్దుబారి ఉన్నాయి, మెడ పట్టేసింది. ఇసుకలో కూర్చుని కొబ్బరిబోండాలు తాగి, సీట్లు మార్చుకున్నాం.

తిరుగు ప్రయాణం అదే రోడ్డు, అవే గట్లు, మీదెక్కిన ఎండ. బావ సైకిల్ మొదట కొంచెం మందంగా అనిపించింది. కాలు నొక్కిన వెంటనే దూకదు. పది నిమిషాలు గడిచాక ఆ మందమే, గట్టిగా పట్టుకోనక్కర్లేని చోట చేతుల్ని వదులుగా ఉంచనిచ్చే నిలకడ అని తెలిసింది. హ్యాండిల్ సీటుతో సమానంగా ఉండటం వల్ల బరువు అరచేతుల మీద పడలేదు. ఎడమచేత్తో నీళ్ళ సీసా తీసి తాగుతున్నా సైకిల్ గీత తప్పలేదు. చైన్‌స్టే పొడుగ్గా ఉండేసరికి వెనక చక్రం సరిగ్గా సీటు కింద కాకుండా కాస్త వెనక్కి ఉంటుంది, గట్టు దెబ్బ నడుముకి చేరేలోపే తగ్గిపోతుంది.

పొన్నూరులో టీ దగ్గర బావ అన్నాడు, "చూశావా, స్టీలంటే స్టీలే. అదే మింగేస్తుంది."

"నా ట్రాక్ ఫ్రేమూ స్టీలే కదా బావా?" అన్నాను.

అక్కడికక్కడే తేల్చుకుందామని చేతి పంపు తీశాం. 32 టైర్లలో 60 పీఎస్‌ఐ దగ్గరున్న గాలిని చెమటలు పట్టేలా కొట్టి 85 దాకా ఎక్కించాం. చేబ్రోలు దాకా అలాగే తొక్కాను. పొద్దున నా సైకిల్ మీద తిన్న దెబ్బల్లో సగం తిరిగొచ్చాయి. గాలి మళ్ళీ తగ్గించగానే పోయాయి. త్రికోణాల ఫ్రేమ్ నిలువుగా వంగేది చాలా తక్కువ, ఏ లోహమైనా అంతే. వంగేది టైరు. కాబట్టి ఫ్రేమ్ ఏ గొట్టంతో చేశారన్నది తర్వాతి మాట, వెడల్పు టైరుకి చోటిచ్చిందా లేదా అన్నది ముందు అడగాలి. స్టీలు వల్ల మేలు వేరే ఉంది: విరిగితే వెల్డింగ్ దొరుకుతుంది, వెనక చోటు కొద్దిగా వెడల్పు చేసుకోవచ్చు.

నారాకోడూరు దగ్గర తెనాలి రోడ్డుకి మళ్ళాం. ట్రాక్ ఫ్రేముల్లో బాటమ్ బ్రాకెట్ (పెడళ్ళ ఇరుసు కూర్చునే చోటు) ఎత్తుగా పెడతారు, మలుపులో వాలినప్పుడు తిరుగుతున్న పెడల్ నేలకి తగలకూడదని. బావ ఫ్రేమ్‌లో అది రెండు సెంటీమీటర్లు కింద ఉంది. నా భయమంతా దాని గురించే. తెనాలి సందుల్లో కావాలనే మలుపులు తీసుకుని చూశాను, ఎక్కడా తగల్లేదు. వెలోడ్రోమ్ గోడలాంటి వాలు మన రోడ్లకి లేదు, పైగా 165 క్రాంకు పొట్టిది. ఈ ఒక్క కారణంతో రోడ్ ఫ్రేములు పనికిరావని చెప్పేవాళ్ళ మాట నేనిక వినను. అడ్డొచ్చేది వెనక ఇరుసు కూర్చునే గాడి. అది నిలువుగా ఉంటే చైను బిగించుకోవడానికి వీలుండదు, డెరైలర్ (గేర్లు మార్చే పరికరం) లేదు కాబట్టి ఆ వదులుని లాగిపెట్టేదీ ఉండదు. గాడి అడ్డంగా, పొడుగ్గా ఉండాలి. పాత రోడ్ ఫ్రేములు చాలావాటికి అలాగే ఉంటుంది.

టూర్ డి ఫ్రాన్స్‌లో 1937 దాకా డెరైలర్లు ఒప్పుకోలేదు. అలా డెరైలర్ లేకుండా గతుకుల మట్టిరోడ్ల మీద వందల కిలోమీటర్లు తొక్కిన తొలి తరాల వాళ్ళ సైకిళ్ళు చాలావరకు పొడుగ్గా, వాలుగా, లావు టైర్లతో ఉండేవి. మన పాలవాళ్ళ హీరో సైకిల్ కూడా ఆ పోలికే. చెడ్డ రోడ్లు ఫ్రేముకి నేర్పిన ఆకారం అది, నాకు దాని మీద గౌరవం ఇంకా పెరిగింది.

తెనాలిలో వేడి జిలేబీ తిని, దుగ్గిరాల మీదుగా కాలవ గట్టు వెంబడి చీకటి పడుతుండగా ఇల్లు చేరాం. ఆ రోజు ముప్ఫై వేలకు పైగా చుట్లు తిప్పిన కాళ్ళు నొప్పి పెట్టాయి గానీ చేతుల తిమ్మిరి సూర్యలంక దగ్గరే వదిలిపోయింది. ట్రాక్ ఫ్రేమ్ అమ్మను, బందరు రోడ్డు మీద తెల్లవారుజాము తొక్కుళ్ళకి అదే కావాలి. బ్రెవే కోసం మాత్రం నా కొలతకి సరిపోయే పాత రోడ్ ఫ్రేమ్ వెతుకుతున్నాను: అడ్డం గాడి, మడ్‌గార్డుతో సహా 32 టైరు దూరే చోటు, రెండు బ్రేకులకి బెజ్జాలు. దొరికాక రంగు వేయించకుండానే ఒకసారి పొన్నూరు రోడ్డు ఎక్కిస్తాను.