ఆల్టో వైపు కుర్చీ

మా అక్క కూతురు గుంటూరులో మా దగ్గరే ఉండి ఇంటర్ చదువుతోంది. నవంబరులో చర్చి యూత్ క్వయర్‌లో చేరింది. ఇక చూడండి, గిన్నెలు కడిగేటప్పుడూ జడ వేసుకునేటప్పుడూ ఒకటే గొణుగుడు. ఏడెనిమిది అక్షరాలు ఒకే స్వరం మీద, ఒక మెట్టు దిగడం, మళ్ళీ ఎక్కి అక్కడే కూర్చోవడం.

"ఇదేం పాటే? ఎక్కాలు వల్లెవేస్తున్నట్టుంది."

"‘ఓ సద్భక్తులారా’ పిన్నీ. నాది ఆల్టో, ఆడపిల్లల్లో కింది గొంతు వరస."

చిన్నప్పటి నుంచి పాడుతున్న పాటని నేనే గుర్తుపట్టలేకపోయాను. మా అలవాటు వేరు మరి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో చాలా పాటలకి పైన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. పురుషోత్తమ చౌదరి (1803–1890) గారి కీర్తన ఎత్తుకున్నామంటే హార్మోనియం, తబలా, గుడినిండా జనం, అందరిదీ ఒకటే వరస.

క్రిస్మస్ కేరల్ సర్వీసుకి ఆలస్యంగా వెళ్ళాను. స్తంభం పక్కన ఒక్క కుర్చీ మిగిలింది, సరిగ్గా ఆల్టో పిల్లల ముందు. మొత్తం ఇరవైనాలుగు మంది. చేతుల్లో నల్ల ఫైళ్ళు, వాటిలో సోల్ఫా, అంటే స్వరాలని అక్షరాల్లో, రాసిన జిరాక్స్ కాగితాలు. కీబోర్డు మోత గురించి ఏమీ అనను. రెండో చరణానికి ఎవరో దయతలచి ఆపించారు.

అప్పుడు వినబడింది అసలు పాట. పల్లవి మొదటిసారి సొప్రానోలు, అంటే పై గొంతు అమ్మాయిలు మాత్రమే, సన్నగా. రెండోసారి మా పిల్లల వరస కలిసింది. మూడోసారికి ముందు అందరూ ఒక్కసారిగా ఊపిరి పీల్చిన చప్పుడు. ఆ వెంటనే మగపిల్లల వరసలు, టెనర్, బేస్. నూనూగు మీసాల కుర్రాళ్ళకి అంత గొంతు ఎక్కడిదో! మిగతా మూడు వరసలూ పైకీ కిందకీ తిరుగుతుంటే, నేను ఎక్కాలన్న ఆ స్వరం మాత్రం పందిరి రాటలా కదలకుండా నిలబడి ఉంది. మా పిల్ల కళ్ళు కండక్టర్ చేతి మీద, బొటనవేలు ఫైలు అంచు మీద తాళం వేస్తోంది. పక్కమ్మాయి ఒకచోట సొప్రానో వరసలోకి జారిపోబోయింది. మా పిల్ల మోచేత్తో పొడిచి వెనక్కి లాక్కొచ్చింది.

మా ఆయన మధ్య వరుసలోంచి వీడియో తీశారు. ఇంటికొచ్చి పెట్టుకుని చూస్తే సొప్రానో, కాస్త బేస్, అంతే. ఆల్టో ఉన్నట్టే తెలియదు.

"నువ్వెక్కడే ఇందులో?" అన్నారాయన.

అది ఫోన్ లాక్కుని, వీడియో మీద తన పార్టు పాడి చూపించింది. అన్నం చల్లారిపోయింది.