సిగ్నల్ దగ్గర పడ్డ బండి

మొన్న వానకి హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్ సిగ్నల్ దగ్గర బండి ఆపబోతుంటే జీబ్రా గీతల మీద ముందు చక్రం జారి, నా రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350తో సహా పడ్డాను. స్పీడేం లేదు, దెబ్బ కూడా తగల్లేదు, కానీ వెనక కార్లన్నీ హారన్ కొడుతుంటే 195 కిలోల బండి ఎంత లాగినా కదలక, తలెత్తలేకపోయాను. ఎవరో వీడియో కూడా తీస్తున్నారు. అది మాత్రం ఇప్పటికీ బాధగానే ఉంది.

అప్పుడొచ్చాడు ఒక డెలివరీ కుర్రాడు, తన పాత స్ప్లెండర్ పక్కకి పెట్టి. "ఏం కాలే అన్నా, ఫస్ట్ వాన గదా, రోడ్డు మీది ఆయిలంత పైకొస్తది" అంటూ ముందు ఇంజిన్ ఆపాడు. బండి కుడివైపు పడింది కాబట్టి సైడ్ స్టాండ్ తీసి పెట్టాడు, లేచాక ఎడమవైపు ఒరిగిపోకుండా. చక్రం దొర్లకుండా గేర్‌లో ఉందో లేదో చూశాడు. తర్వాత సీటుకి వీపు ఆనించి కూర్చుని, ఒక చేత్తో హ్యాండిల్, ఇంకో చేత్తో వెనక కడ్డీ పట్టుకుని, నడుము వంచకుండా కాళ్ల బలంతోనే చిన్న చిన్న అడుగులు వెనక్కి వేస్తూ లేపేశాడు. ఇన్నేళ్లుగా బండి నడుపుతున్న నాకు ఎవరూ చూపించని పని అది. నా వయసులో సగం ఉంటాడేమో. గ్రీన్ పడగానే వెళ్లిపోయాడు, పేరు అడిగే టైమ్ కూడా లేదు.

దయచేసి ఎవరైనా పడితే ఫోన్ తీయకండి, ముందుగా వెనక నుంచి వచ్చే బండ్లను ఆపండి. లేపాక కూడా వెంటనే స్టార్ట్ చేయొద్దు, పెట్రోల్ కారిందా, బ్రేక్ లివర్ వంగిందా, హ్యాండిల్ సరిగా తిరుగుతోందా అని చూసుకోవాలి.