నల్ల ఇసుకతో బెంగళూరు దాకా

మాది విశాఖపట్నం పెదజాలారిపేట. నాన్న వేటకెళ్తారు. నేను ఎమ్మెస్సీ జియాలజీ మొదటి ఏడాదిలో ఉండగా మా సార్ క్లాసులో ఒక సంగతి చెప్పారు. దేశంలోని మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఏటా వేసవిలో విద్యార్థులను రెండు నెలలు పరిశోధకుల దగ్గర పనిచేయిస్తాయట. ఫెలోషిప్ ఇస్తాయి, రానూపోనూ రైలు ఛార్జీలు కూడా ఇస్తాయి.

ఒక దేశానికి మూడు అకాడమీలెందుకని చదివి చూశాను. భౌతిక శాస్త్రవేత్త మేఘనాద్ సాహా 1930లో అలహాబాద్‌లో ఒకటి మొదలుపెట్టారు. సి.వి. రామన్ 1934లో బెంగళూరులో ఇంకొకటి పెట్టారు. ఢిల్లీలో ఉన్నది 1935లో కలకత్తాలో పుట్టింది. రామన్ శిష్యుడు భగవంతం గారు మన ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనే ఫిజిక్స్ చెప్పారు. ఇక్కడ కెమిస్ట్రీ చెప్పిన శేషాద్రి గారు తర్వాతి రోజుల్లో ఢిల్లీ అకాడమీకి అధ్యక్షులయ్యారు. అది చదివాకే నాకు ధైర్యం వచ్చింది.

మార్కుల జాబితాలు స్కాన్ చేయించడం ఒక పూట పని. కష్టమంతా ఎందుకు పరిశోధన చేయాలనుకుంటున్నావో రాయమన్న చోటే వచ్చింది. సీనియర్ల దగ్గర నుంచి తెచ్చుకున్న నమూనా చూసి పెద్ద పెద్ద మాటలతో ఒక పేజీ నింపాను. సార్ చదివి, "ఇందులో నువ్వెక్కడున్నావమ్మా?" అన్నారు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లారి ఒడ్డుకు వెళ్తే, ముందు రోజు పోటు మీదున్న అలలు వదిలిన నల్లటి చారలు కనిపించాయి. చిన్నప్పటి నుంచీ చూస్తున్నవే. ఆ నలుపు ఎక్కడి నుంచి వస్తుంది, కొన్ని రోజులే ఎందుకు ఎక్కువ పేరుకుంటుంది అని ముందు తెలుగులో రాసుకుని, తర్వాత ఇంగ్లీషులో పెట్టాను. సార్ మూడు చోట్ల దిద్ది పంపమన్నారు.

సిఫార్సు లేఖ ఇస్తానన్న ఇంకొకరు చివరి రోజు దాకా పంపలేదు. ఆ సాయంత్రం పడ్డ టెన్షన్ పగవాళ్లకు కూడా వద్దు. ఆఖరికి మా సారే రాసిచ్చారు. మీరు అప్లై చేస్తే, ఆ లేఖ సంగతి నెల ముందే అడగండి.

నెలల తర్వాత బెంగళూరులో పనిచేయడానికి ఎంపికైనట్టు మెయిల్ వచ్చింది. నాన్నకు చెప్తే, "ఇసకలో సూడ్డానికి ఏటుంటాదమ్మా?" అన్నారు. ఆయన నిజంగానే అడిగారు. నా దగ్గర అప్పటికి సరైన జవాబు లేదు.

ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌లో చిన్న డబ్బాడు ఇసుక కూడా తీసుకెళ్లాను. గైడ్ మేడమ్ దాన్ని చూసి సంతోషించి, దాంతోనే మొదలుపెట్టించారు. ముందు కడిగి, ఆరబెట్టి, జల్లెడ పట్టాలి. తర్వాత బ్రోమోఫారం అనే బరువైన ద్రవంలో వేయాలి. అది విషం, ఆవిరిని బయటికి లాగేసే పొగగూడు (ఫ్యూమ్ హుడ్) కిందే పనిచేయాలి. దాని సాంద్రత సుమారు 2.89. మామూలు ఇసుకలోని క్వార్ట్జ్ సాంద్రత 2.65, అందుకే పైన తేలుతుంది. బరువైన ఖనిజాలు అడుగుకు దిగుతాయి. గాజు గరాటులో ఆ రెండూ విడిపోవడం మొదటిసారి చూసినప్పుడు ఆశ్చర్యంతో నాకు నోట మాట రాలేదు. అల ఒడ్డున చేసేదీ దాదాపు ఇదే. తేలికైన రేణువులను వెనక్కి లాక్కుపోయి, బరువైనవాటిని వదిలేస్తుంది. నల్లగా ఉన్నది ఎక్కువగా ఇల్మెనైట్, ఇనుము, టైటానియం ఉన్న ఖనిజం. మైక్రోస్కోప్ కింద గులాబీ రంగు గార్నెట్ ఖనిజ రేణువులు కూడా కనిపించాయి. అవి తూర్పు కనుమల్లోని ఖొండలైట్ రాళ్లు అరిగి, వాగులతో సముద్రానికి చేరినవి.

రెండు నెలలూ రేణువులు లెక్కపెట్టి, నివేదిక రాసి ఇచ్చాను. బెంగళూరు అకాడమీ 1996 నుంచి విద్యార్థుల కోసం నడుపుతున్న రెజొనెన్స్ పత్రికను అక్కడే అలవాటు చేసుకున్నాను. పాత సంచికలు కూడా ఇంటర్నెట్‌లో ఉచితంగా చదువుకోవచ్చు. అలాంటిది తెలుగులో ఉంటే మా పేట పిల్లలకు ఎంత బావుండునో అని ఇప్పటికీ అనిపిస్తుంది.

తిరిగొచ్చాక మొదట నాన్నకే చూపించాను, పాడైన స్పీకర్లోంచి తీసిన అయస్కాంతానికి కాగితం చుట్టి ఇసుకలో తిప్పి. నల్ల రేణువులు కొన్ని కాగితానికి ముళ్లలా లేచి అంటుకున్నాయి. ఆయన అయస్కాంతం తీసుకుని తనే మళ్లీ తిప్పారు. తర్వాత అదే మా పేట బడిలో చూపించాను. ఆరో తరగతి పిల్ల ఒకతి, "అక్కా, గులాబీవి కొండ మీద కూడా ఉంటాయా?" అని అడిగింది. ఆదివారం నలుగురిని కైలాసగిరి కిందికి తీసుకెళ్లాను. ఒక రాయి పక్కన మోకాళ్ల మీద కూర్చుని, ఎర్రటి చుక్కలు మొదట కనిపెట్టింది ఆ పిల్లే.