అగరొత్తి పొగ, టర్బైన్ బ్లేడు

నిన్న సాయంత్రం వైజాగ్‌లో, మా ఎంవీపీ కాలనీలో కరెంటు పోయింది. ఫ్యాను ఆగగానే అమ్మ వెలిగించిన అగరొత్తి పొగ దారంలా నిటారుగా లేచింది. జానెడు ఎత్తు దాకా అంతే. ఆ పైన సన్నగా వణికి, మెలికలు తిరిగి చెదిరిపోయింది. కళ్లార్పకుండా చూస్తుంటే అమ్మ, "పొగ ఎప్పుడూ చూడనట్టు ఏంట్రా?" అంది.

మూడు వారాలుగా ల్యాబ్‌లో నా తంటా అంతా ఇలా నునుపైన ప్రవాహం చెదిరిపోవడంతోనే. కాకపోతే అక్కడ పొగ కాదు, టర్బైన్ బ్లేడు మీది గాలి.

టర్బైన్ బ్లేడు అంటే ఇంజిన్‌లో వేడి గ్యాసు తోపుకి తిరిగే రెక్క. దాని ముందు అంచు దగ్గర గాలి పొరలు పొరలుగా, నునుపుగా జారుతుంది. కొంత దూరం పోయాక బ్లేడుని ఆనుకున్న పలుచటి పొరలో అలజడి మొదలై సుడులుగా మారుతుంది. 1883లో ఆస్బోర్న్ రేనాల్డ్స్ అనే శాస్త్రవేత్త గాజు గొట్టంలో రంగునీళ్లు వదిలి చూపించింది ఇలాంటి మార్పునే. ఇంజిన్‌లో అయితే ఇంకా గొడవ. ముందు వరుస బ్లేడ్లు కెలికి వదిలిన గాలి తగిలి, ఆ మార్పు ముందే వచ్చేస్తుంది. సుడులు పుడితే వేడి గ్యాసు నుంచి బ్లేడుకి వేడి ఎక్కువగా పాకుతుంది. అలాగని సుడులు వట్టి చెడ్డవేం కావు. వంపు మీద గాలి విడిపోకుండా అంటిపెట్టుకుని ఉండేలా చేసేదీ అవే.

ల్యాబ్‌లోని మా బ్లేడు మోడల్ మీద మాత్రం మార్పు లెక్క కన్నా చాలా ముందే వస్తోంది. ప్రోగ్రామ్ తిరగేశాను, సెన్సార్లు మార్చాను, ఒకటే టెన్షన్. చివరికి వేలితో అంచు తడిమితే, గోరుకి తగిలీ తగలనట్టు ఓ టేపు ముక్క లేచి ఉంది. అతికించింది నేనే. పీకేస్తే మార్పు వెనక్కి జరిగింది.

గైడ్‌గారికి ఇంకా చెప్పలేదు.