పరగడుపున 91

ఆదివారం. రాత్రి పదకొండు దాటింది, నిద్ర రావట్లేదు.

పొద్దున లేచీ లేవగానే నెబ్యులైజర్ కూడా పెట్టుకోకుండా గ్లూకోమీటర్ తీశాను. ఉంగరపు వేలు పక్కన పొడిచి, చుక్కని స్ట్రిప్‌కి ఆనించి, ఐదు సెకన్లు ఊపిరి బిగబట్టి చూస్తే 91. నిన్న 88, మొన్న 94, అంతకుముందు రోజు 90. నోట్‌బుక్‌లో రాసి కింద రెండు గీతలు గీశాను. వంటింట్లోకి తీసుకెళ్లి "చూడమ్మా, షుగర్ ఉన్నోళ్లకి పరగడుపున ఇలా వస్తుందా?" అంటే అమ్మ పప్పు కడుగుతూనే "రాదులే" అంది. నోట్‌బుక్ వంక మాత్రం చూడలేదు.

పాల ప్యాకెట్ కోసం ఫ్రిజ్ తెరిస్తే తలుపు అరలో, కరివేపాకు కవర్ పక్కన, ఇన్సులిన్ పెన్ను డబ్బా. బుధవారం తెచ్చాం. సీలు కూడా తీయలేదు.

సిస్టిక్ ఫైబ్రోసిస్ (సీఎఫ్), అంటే ఒంట్లో జిగురు చిక్కబడి ఊపిరితిత్తుల్నీ క్లోమాన్నీ పాడుచేసే జబ్బు, నాకు పుట్టుకతోనే ఉంది, ఇరవై ఆరేళ్లుగా మా ఇంట్లో అదీ ఒక మనిషే. పొద్దునా సాయంత్రం ఉప్పునీటి ఆవిరి పట్టడం, వీపు తట్టించుకుని కఫం తీయడం, ఏం తిన్నా ముందు అది అరగడానికి ఎంజైమ్ క్యాప్సూల్స్ మింగడం, ఇవన్నీ పళ్లు తోముకున్నట్టే. కొత్తగా వచ్చి చేరింది ఈ షుగర్. వచ్చిందని డాక్టర్లంటున్నారు, నేనింకా ఒప్పుకోలేదు.

సంగతేంటంటే, ఫిబ్రవరిలో ఛాతీ ఇన్ఫెక్షన్‌తో రెండు వారాలు ఆస్పత్రిలో పడ్డాను. సెలైన్ పెట్టి యాంటీబయాటిక్స్, పైగా స్టెరాయిడ్. అప్పుడు షుగర్ ఎక్కువ చూపించింది. ఏప్రిల్‌లో గ్లూకోజ్ నీళ్ల పరీక్ష చేశారు. 75 గ్రాముల గ్లూకోజ్ కలిపిన గ్లాసు తాగడం, తాగినవాళ్లకే తెలుస్తుంది ఆ బాధ, నాలుక మీద జిగురులా అంటుకుని సాయంత్రం దాకా వదలదు. రెండు గంటలకి 223. 200 వచ్చిందంటే షుగర్ కింద లెక్క. అది ఆ స్టెరాయిడ్ ప్రభావమే అని నేను వాదించాను. డాక్టర్ గారు ఓపిగ్గా విని "సరే, ఇంకోసారి చేద్దాం" అన్నారు. ఈ బుధవారం మళ్లీ చేస్తే 214. రెండుసార్లూ పరగడుపున మామూలే. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 5.8. అది 6.5 దాకా వస్తేనే కదా షుగర్ అనేది!

ఆ మాటే అడిగాను. "చూడమ్మా, సీఎఫ్ ఉన్నవాళ్లలో ఆ పరీక్షని అంతగా నమ్మలేం. మీలో ఎర్ర రక్తకణాలు తొందరగా పోయి కొత్తవి వస్తుంటాయి, అందుకని సగటు ఉన్నదానికన్నా తక్కువ చూపించొచ్చు. ఎక్కువొస్తే నమ్ముతాం, తక్కువొస్తే ఏమీ లేదని చెప్పలేం" అన్నారు. నాకు ఒళ్లు మండింది. నాకు అనుకూలంగా వచ్చిన పరీక్షే చెల్లదంటారా?

తర్వాత ఇంకో విచిత్రం. "తిండి మాత్రం తగ్గించకు" అన్నారు. అన్నం, నెయ్యి, మీగడ పెరుగు, వేపుళ్లు, ఎప్పుడు తినేవి అప్పుడే. నువ్వు బరువు పెరగాలి, తిన్నదానికి తగ్గట్టు ఇన్సులిన్ వేసుకోవడమే. మాత్రలతో కుదరదా అంటే దీనికి మందు ఇన్సులినే అన్నారు. ఇదెక్కడి షుగరండీ బాబూ. మా ఇంట్లో షుగర్ అంటే నానమ్మ. చక్కెర లేని టీ, రాత్రికి జొన్నరొట్టె, పండగపూట బూరె కొంగు చాటున దాచుకుని తినడం. తిండి తగ్గించక్కర్లేని షుగర్ ఒకటుందంటే ఎవరు నమ్ముతారు? పక్కింటి ఆంటీ అయితే వినగానే కాకరకాయ రసంతో దిగిపోయింది. అన్నం మానేసి అరికెలు, కొర్రలు తినమని, వాళ్ల మరిదికి మూడు నెలల్లో తగ్గిపోయిందని. ఆవిడ మంచిదే పాపం, కానీ నేనున్నదే నలభై ఒక్క కిలోలు, ఇందులోంచి ఇంకా ఏం తగ్గించాలి ఆంటీ!

నాన్నది ఇంకో రకం అనుమానం, దానికి కారణం ఉంది. చిన్నప్పుడు దగ్గు ఎంతకీ తగ్గకపోతే టీబీ అన్నారు. ఆరు నెలలు ఆ మందులు మింగించారు, ఒంటికి పట్టలేదు. మాటిమాటికీ నెమ్ము చేసేది. నానమ్మ ముద్దు పెట్టుకున్నప్పుడల్లా పిల్ల నుదురు ఉప్పగా ఉందేంటే అనేదట, ఎవరూ పట్టించుకోలేదు. ఆరో ఏట హైదరాబాద్ తీసుకొచ్చి చెమటలో ఉప్పు ఎంతుందో చూసే క్లోరైడ్ పరీక్ష చేయిస్తే అప్పుడు తేలింది అసలు సంగతి. అందుకే నాన్న ఏ డాక్టర్ ఏం చెప్పినా ఇంకొకరికి చూపిద్దామా అంటారు. బుధవారం లిఫ్ట్‌లో కూడా అదే అన్నారు. నేను వెంటనే ఊఁ కొట్టాను.

మధ్యాహ్నం కొత్త ఆవకాయ, ముద్దపప్పు, చేతినిండా నెయ్యి, చివర్లో ఒక నూజివీడు రసం పండు. నలిపి, ముచ్చిక కొరికి, పీలుస్తుంటే మణికట్టు దాకా కారింది. పూర్తిగా తృప్తిగా తిన్నాను. మూడుంబావుకి నాన్నకి బంగినపల్లి ముక్కలు కోసిస్తుంటే ఆయన నా నోట్‌బుక్ తిరగేస్తున్నారు. "ఈ రెండో వరస ఖాళీగా ఉందేంటమ్మా?"

తిన్న రెండు గంటలకి చూసి రాయమన్న వరస అది. ఒక్క అంకె లేదు. మర్చిపోయాను నాన్నా అన్నాను. మర్చిపోలేదు. నాలుగు రోజులుగా ఆ టైముకి ఏదో ఒక పని పెట్టుకుంటున్నాను, నిన్నయితే అల్మారా మొత్తం దించి సర్దాను.

సరే అని చేతులు తువ్వాలుకి తుడుచుకుని అక్కడే పొడుచుకున్నాను. 312. నాన్న మొహం మారిపోయింది. నాకు మాత్రం, నిజం చెప్పాలంటే, సంతోషం వేసింది. మామిడి రసం! వేలికి పండు అంటుకుని ఉంటే మీటర్ ఎక్కువ చూపిస్తుందని వాళ్లిచ్చిన కాగితంలోనే ఉంది. "కంగారు పడకండి, ఇది మామిడిపండు షుగర్" అని నవ్వుతూ వెళ్లి సబ్బు పెట్టి మోచేతుల దాకా కడుక్కున్నాను, బాగా ఆరబెట్టుకున్నాను, రెండో చెయ్యి తీసుకున్నాను. 130 వస్తుందనుకున్నా, పోనీ 150.

219.

ఇంకో స్ట్రిప్ తీయబోతుంటే నాన్న చెయ్యి పట్టుకోలేదు, వద్దనలేదు. "అవి ఖరీదు కదమ్మా" అన్నారంతే.

తర్వాత చాలాసేపు ఫ్యాన్ కింద పడుకుని చూస్తూ ఉన్నాను. ఏడాదిలో నలభై ఐదు కిలోల నుంచి నలభై ఒకటికి వచ్చాను, దానికి నైట్ షిఫ్ట్ అని చెప్పుకున్నాను. ఊపిరితిత్తులు ఎలా పనిచేస్తున్నాయో చూసే ఊదే పరీక్షలో 71 శాతం ఉండేది 62కి పడింది, అది ఇంటి ముందు మెట్రో పనుల దుమ్మన్నాను. రాత్రి మూడుసార్లు లేస్తున్నాను, ఎండాకాలం కదా నీళ్లెక్కువ తాగుతున్నాను. దాహం ఎందుకంటే ఎండల్లో నాకు ఉప్పు ఎక్కువ వేసుకోమంటారు, మజ్జిగలో కూడా. 223కి స్టెరాయిడ్. 214కి ఏం చెప్పానో గుర్తులేదు, ముందురోజు నిద్రలేదన్నట్టున్నాను. ఒక్కోదానికి ఒక్కో కారణం వెతికి పెట్టుకున్నాను, అన్నీ నమ్మదగ్గవే.

డాక్టర్ గారు చీటీ వెనక గీసిన బొమ్మ బయటికి తీశాను. క్లోమం, అందులో సన్నటి గొట్టాలు, వాటిలో చిక్కటి జిగురు. ఆ జిగురుకి గొట్టాలు మూసుకుపోయే కదా ఆరో ఏటి నుంచి ఎంజైములు మింగుతున్నాను. అదే మచ్చ కట్టుకుంటూ పోయి ఇన్సులిన్ తయారుచేసే కణాల దాకా వచ్చిందట. ఇన్సులిన్ అసలు రాకుండా పోలేదు, తక్కువగా, ఆలస్యంగా వస్తోంది. ఖాళీ కడుపున ఆ కాస్త సరిపోతుంది. ముద్దపప్పు, రసం పండు వచ్చి పడ్డప్పుడు చాలదు. అంటే నా 91 కూడా నిజమే, 219 కూడా నిజమే. ఆ రోజు ఇదంతా చెప్తుంటే నేను చీటీ వైపు చూస్తూ క్యాబ్ ఎంతవుతుందో లెక్కేసుకుంటున్నాను.

ఇంకా పూర్తిగా నమ్మకం కుదిరిందా అంటే, ఏమో. ఇంకొకరి దగ్గరికి వెళ్తామన్న మాట కూడా నాన్న తీయలేదు, నేనూ తీయలేదు. రెండో వరసలో 219 రాశాను. 312 కూడా రాసి పక్కన "మామిడి" అని పెట్టాను, ఆ మాత్రం న్యాయం నాకు జరగాలి.

రాత్రి భోజనానికి ముందు ఫ్రిజ్ తెరిచి డబ్బా తీశాను. అమ్మ కంచాలు పెట్టడం ఆపి నిలబడింది. సీలు తీసి, లోపలి కాగితం మొత్తం విప్పి, పెన్ను మూత తీసి చూస్తే సూది లేదు. డబ్బా బోర్లించాం, లేదు. సూదులు విడిగా కొనుక్కోవాలట. నాన్న చొక్కా తగిలించుకుని కింద మెడికల్ షాపుకి పరిగెత్తారు. ఆదివారం, షట్టర్ వేసేశాడు. మెయిన్ రోడ్డు షాపులో ఇన్సులిన్ ఉంది గానీ పెన్ను సూదులు అయిపోయాయట, రేపు పదింటికి వస్తాయన్నాడు.