విప్పి మళ్లీ కట్టుకోగలిగే పనిగది: తాతగారి ఇంటి ఇటుకలతో

అక్టోబరు

తాతగారి పెంకుటిల్లు విప్పడం పూర్తయింది. అసలు ఇల్లు గానుగ సున్నంతో కట్టింది. వెనుక వసారాను నాన్నగారు తరువాత సిమెంటుతో కట్టించారు. సున్నం గోడ సందులో ఉలి ఆనించి తడితే ఇటుక ఇటుకగా ఊడి వచ్చింది. వసారా దగ్గర అతుకు నిలిచింది, ఇటుక పగిలింది. అతుకు ఇటుక కంటే గట్టిదైతే ఆ ఇటుకకు రెండో జన్మ లేదని ఆ రోజే నాకు అర్థమైంది. పెరట్లో కట్టబోయే 10 × 8 అడుగుల పనిగదికి ఇదే నియమం పెట్టుకున్నాను: ప్రతి అతుకూ విప్పదీయగలిగేదై ఉండాలి.

గోకి శుభ్రం చేశాక 2,400 ఇటుకలు తేలాయి. నా చేతికి గంటకు 30 మించి కాలేదు. రెండు ఇటుకలు ఒకదానికొకటి తగిలిస్తే ఖంగుమనాలి. మొద్దుగా మోగినవి పక్కన పెట్టాను. తరువాత కొన్నింటిని తూచి, 24 గంటలు నీళ్లలో నానబెట్టి మళ్లీ తూచాను. 2.9 కిలోలది 3.3 కిలోలైంది, అంటే దాదాపు 14 శాతం నీరు పీల్చింది. 20 శాతం దాటితే గోడకు వాడకూడదు. చివరికి 2,150 మిగిలాయి. నాకు కావలసినవి సుమారు 2,080.

నవంబరు

మేస్త్రీ గారికి సున్నం మీద నమ్మకం కుదరలేదు. "సిమెంటు లేని గోడ నిలబడుతుందా బాబూ?" అన్నారు. మీరు విప్పిన ఇల్లు ఇన్నేళ్లు దేనిమీద నిలబడిందండీ అని అడిగితే నవ్వి ఊరుకున్నారు. అయినా ఆయన మాట తీసిపారేయలేదు. చెరి 40 ఇటుకలతో పెరట్లో రెండు చిన్న గోడలు కట్టించాను, ఒకటి సున్నంతో, ఒకటి సిమెంటుతో.

సున్నం మిశ్రమం పాళ్లు: నానిన సున్నం 1, సుర్కీ (దంచిన ఇటుక పొడి) 1, ఇసుక 2. సుర్కీ కోసం వసారా ఇటుక ముక్కలనే సిమెంటు రాల్చి దంచాం. మరీ ఎక్కువ కాలని ఇటుక అయితే దాని పొడి, సున్నంతో బాగా కలిసి బిగుస్తుంది. సున్నం నానబెట్టేటప్పుడు, ఇంకా నీళ్లు తగలని కాల్చిన సున్నాన్ని నీళ్లలో వేయాలి గాని సున్నం మీద నీళ్లు పోయకూడదు. అది ఉడుకుతూ చింది కళ్లలో పడుతుంది. అద్దాలు, చేతి తొడుగులు లేకుండా దగ్గరకు వెళ్లవద్దు.

సున్నపురాయి కాలడానికి 900 డిగ్రీల వేడి చాలు, సిమెంటు బట్టీకి 1450 కావాలి. పైగా కాలేటప్పుడు వదిలిన బొగ్గుపులుసు వాయువులో కొంత భాగాన్ని సున్నం గోడలో ఉంటూ తిరిగి పీల్చుకుంటుంది. దాని గట్టిదనంలో కొంత అందులోంచే వస్తుంది, అందుకే తొందరపెడితే కుదరదు.

ఫిబ్రవరి

మూడు నెలలు ఆగి రెండు గోడలూ విప్పాం. సున్నం గోడ నుంచి 37 ఇటుకలు నిండుగా వచ్చాయి. సిమెంటు గోడ నుంచి వచ్చినవి 11. మేస్త్రీ గారు తానే లెక్కపెట్టి, "ఇక సున్నమే కలుపుదాం" అన్నారు. ఆ మాట కోసమే మూడు నెలలు ఆగాను.

మార్చి

ఇటుకను నిలువుగా పేర్చి మధ్యలో ఖాళీ వదిలే, ఆర్కిటెక్ట్ లారీ బేకర్ పద్ధతి మొదట నా మనసులో ఉండేది. దానిలో ఇటుక చాలా ఆదా అవుతుంది. కానీ పాత ఇటుకల కొలతలు ఒకదానికొకటి పావు అంగుళం తేడాగా ఉన్నాయి, ఆ కట్టుకు అన్నీ సమంగా ఉండాలి. వదులుకున్నాను. తొమ్మిది అంగుళాల మామూలు గోడే కడుతున్నాం. రోజుకు మూడడుగులు మించి లేపడం లేదు. తడి గోనెసంచులు కప్పి పది రోజులు ఆరనివ్వకుండా చూస్తున్నాను. ప్రస్తుతం కిటికీ మట్టం దాటింది.

పైకప్పుకు పాత టేకు దూలాలే. అయస్కాంతం జరిపి లోపల మిగిలిన మేకులన్నీ తీశాను. ఒక్కటి మిగిలినా రంపం పళ్లు పోతాయి. కొత్తగా ఒక్క మేకు కూడా కొట్టను. 12 మిల్లీమీటర్ల బోల్టులు, వెడల్పు వాషర్లు తెచ్చాను, 13 మిల్లీమీటర్ల రంధ్రాలు వేయాలి. ప్రతి దూలం చివర తెల్ల రంగుతో అంకె రాశాను, అదే అంకె గోడ మీద ఆనే చోట కూడా ఉంటుంది. విప్పే వాళ్లకు స్పానరు ఒక్కటి చాలు. అంకెల పటం తలుపు వెనుక బిగిస్తాను.

మంగళూరు పెంకులు 410 ఉన్నాయి. వచ్చే ఆదివారం ఒక్కొక్కదాని మీద చెంబెడు నీళ్లు పోసి, అడుగున తడి కనిపించినవి వేరు చేయాలి.